రంగుల బాబాయ్ ఇంట్లో ఉప్పు

నిన్నమ్మ అన్న పేరు ఆమెకి వీధి పిల్లలు పెట్టారు. ఏ గుమ్మం ముందు నిలబడినా ఆమె అడిగేది ఒక్కటే మాట: "నిన్న ఏం తిన్నారండీ?" ఇవాళ పొయ్యి మీద ఏముందో అక్కర్లేదు, రేపు ఏం వండుతారో పట్టదు, నిన్నటి ముద్దలే కావాలి. దాంతో ఆమె వీధి మలుపు తిరగ్గానే పిల్లలు "నిన్నమ్మ వస్తోందోయ్" అని కేకలేసుకుంటూ ఇళ్ళలోకి పరిగెత్తేవాళ్ళు. మొదట్లో కాస్త చిన్నబుచ్చుకుంది. ఆఫీసులో వాళ్ళు కూడా అదే పిలుపు పట్టుకునేసరికి ఇక చేసేదేం లేక తనూ అలవాటు పడిపోయింది.

నిన్నమ్మది పోషకాహార శాఖలో సర్వే ఉద్యోగం. జనం ఏది ఎంత తినాలో చెప్పే పుస్తకం ఒకటి ప్రభుత్వం పదేళ్ళకోసారి వేస్తుంది. కంచంలో సగం కూరగాయలూ పళ్ళూ, పావు వంతు ధాన్యం, పావు వంతు పప్పో గుడ్డో చేపో, రోజుకి మనిషికి చిన్న చెంచాడు మించకుండా ఉప్పు, ఇలా సాగుతుంది అది. అయితే ఎలా తినాలో చెప్పే ముందు ఇప్పుడెలా తింటున్నారో తెలియాలి కదా. ఆ తెలుసుకునే పని ఆమెది. భుజాన సంచీ, అందులో కొలత గిన్నెలు, కొలత చెంచాలు, డబ్బాలు తూచే చిన్న కాటా, మనుషుల్ని తూచే పలక, ఒక ఫొటోల పుస్తకం. ఆ ఫొటోల్లో ఒకే కంచంలో అన్నం ఒకచోట కొంచెం, ఒకచోట ఓ మోస్తరు, ఒకచోట గుట్టలా ఉంటుంది. "వీటిలో మీరు తిన్నది ఎంతండీ?" అంటే వేలు పెట్టి చూపించాలి. చాలామంది ముందు గుట్ట మీద వేలు పెట్టబోయి, ఆమె మొహం చూసి పక్క ఫొటోకి జరుపుతారు.

సర్వే అనగానే ఎంతటివాళ్ళైనా బడిపిల్లలైపోతారు. తిన్నది చెప్పమంటే తినాల్సింది చెబుతారు. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్న నిన్నమ్మకి ఆ అబద్ధాలంటే కోపం లేదు సరికదా, లోలోపల ఒక మోజు. మనిషి తన కంచం గురించి ఎందుకు అబద్ధమాడతాడు? ఎవరి కోసం ఆడతాడు? ఫారం నింపేటప్పుడు ఆమె బుర్రలో ఎప్పుడూ ఈ పురుగే తొలుస్తూ ఉండేది. అందుకే సూపర్‌వైజర్ మేడమ్ ఆమెని తరచూ కసురుకునేది. "చెప్పింది రాసుకుని రా. కోడిగుడ్డుకి ఈకలు పీకకు."

ఆ ఏడు ఆమెకి వచ్చిన ఇళ్ళలో సైకిల్ షాపు మీద మూడో అంతస్తులో ఉన్న ఇల్లొకటి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి, అదీ చెప్పాపెట్టకుండా. మొదటిసారీ, మూడోసారీ మాత్రం ఉప్పు, పంచదార, నూనె డబ్బాలు తూచాలి. ఇంట్లో మనుషుల్ని కూడా.

మెట్ల దగ్గర సైకిల్ మెకానిక్ ఓ చక్రం తిప్పి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా కింది రెండు గుండీలు పెట్టుకోలేదు, పెట్టుకోవడం కుదరక.

"మూడో అంతస్తాండీ? రంగుల బాబాయ్ ఇల్లే. వెళ్ళండి వెళ్ళండి, మంచి మనిషి" అని పొట్ట నిమురుకున్నాడు.

రంగుల బాబాయ్ అంటే గోడల మీదా బోర్డుల మీదా రాతలు రాసే పెయింటరు. అరవై ఎనిమిదేళ్ళు. పని మానేసి మూడేళ్ళయినా గోళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగు మిగిలే ఉంది. భార్య పోయి పాతికేళ్ళు. ఒక్కతే కూతురు, బస్సు డిపోలో మధ్యాహ్న భోజనాల క్యాంటీన్ నడుపుతుంది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని చెప్పాడు. "నిన్న ఉదయం పొట్టు తీయని ధాన్యంతో అల్పాహారం. మధ్యాహ్నం కంచంలో సగం ముదురు ఆకుపచ్చ, నారింజ రంగు కూరగాయలు. పావు వంతు పప్పుధాన్యాలు. సాయంత్రం ఆ కాలంలో దొరికే పండు ఒకటి. రాత్రి మితాహారం. ఎనిమిది గ్లాసుల నీళ్ళు."

నిన్నమ్మ పెన్ను ఆగిపోయింది. పదకొండేళ్ళలో ఒక్క ప్రాణి కూడా ఆమెతో "ముదురు ఆకుపచ్చ రంగు కూరగాయలు తిన్నాను" అనలేదు. పాలకూర అంటారు, చిక్కుడుకాయ అంటారు, లేకపోతే "ఏదో కూరండీ" అంటారు.

"ముదురు ఆకుపచ్చ కూరగాయలంటే ఏవి బాబాయిగారూ?"

"అవే తల్లీ... ఆకుపచ్చగా ఉంటాయి చూడు" అని ఆయన నీళ్ళు నమిలాడు.

ఆమె నవ్వు ఆపుకుని రాసుకుంది. డబ్బాలు తూచింది. ఉప్పు తొమ్మిదివందల పది గ్రాములు. పలక మీద ఆయన్ని నిలబెడితే యాభై ఏడు కిలోలు. ఆ ఎత్తుకి తక్కువే. బెల్టుకి మేకుతో పొడిచినట్టున్న కొత్త కన్నాలు రెండు కనిపించాయి. ఇంత చక్కగా తినే మనిషికి బెల్టు ఎందుకు వదులవుతోంది? మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె ఆ రెండు కన్నాల గురించే ఆలోచించింది.

ఆరు రోజుల తర్వాత రెండోసారి వెళ్ళేసరికి కూతురు ఇంట్లో లేదు. రంగుల బాబాయ్ వంటగది గడప పక్కనే స్టూలు వేసుకుని పాత అట్టపెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద పాలు పెట్టాడు. ఆమె అడగ్గానే అదే పాఠం, అదే నారింజ రంగు కూరగాయలు, అదే కాలానికి తగ్గ పండు. పొల్లు పోలేదు.

"బాబాయిగారూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇవన్నీ మీకు ఇంత తు.చ. తప్పకుండా ఎలా గుర్తుంటాయి?"

ఆయన మొహం విప్పారింది. అట్టపెట్టెలోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీసి నేల మీద పరిచాడు. పెద్ద కంచం బొమ్మ. సగం ఆకుపచ్చ, పావు గోధుమరంగు, పావు ఎరుపు. పక్కన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"మీ శాఖవాళ్ళదే! నూట నలభై ఆసుపత్రి గోడల మీద రాశాను దీన్ని. ఒక్కో గోడకి రెండు రోజులు. చివరికి ఎలా అయిపోయిందంటే, కళ్ళు మూసుకుని రాసేవాణ్ణి. ఇదిగో, ఈ టమాటా చూడు. మీ ఆఫీసరు ఇది టమాటాలా లేదు, బంతిలా ఉంది అన్నాడు. నేను వెళ్ళి అంగట్లో టమాటా కొనుక్కొచ్చి పక్కన పెట్టాను. 'అయ్యా, అసలుది కూడా బంతిలాగే ఉంది, దీన్ని పండించినవాణ్ణి అడగండి' అన్నాను."

నిన్నమ్మ నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది. మాడు వాసన. చూస్తే పొయ్యి మీద పాలు పొంగి, అడుగంటి, గిన్నె నల్లబడుతోంది. ఆమె చెంగున లేచి మంట ఆర్పేసింది. ఇల్లంతా పొగ. ఆయన మాత్రం ఆమె ఎందుకు లేచిందా అన్నట్టు చూస్తున్నాడు. పొయ్యికీ ఆయనకీ మధ్య రెండు అడుగులు కూడా లేవు.

"అయ్యో, నా ధ్యాసంతా కబుర్ల మీదే ఉండిపోయింది" అన్నాడు తేరుకుని. తర్వాత మాట మార్చడానికేమో, "అవునూ, అందర్నీ అడుగుతావు కదా, మరి నువ్వు నిన్న ఏం తిన్నావు తల్లీ?" అన్నాడు.

నిన్నమ్మ గుర్తు చేసుకుంది. బస్సులో ఒక బిస్కెట్ ప్యాకెట్టు. సాయంత్రం ఇంట్లో తన పిల్లలు వదిలేసిన రొట్టె. మధ్యలో ఎన్ని టీలో లెక్క తెలియదు. "ముదురు ఆకుపచ్చ రంగు కూరగాయలండీ" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

కిందికి దిగేసరికి మెకానిక్ భోజనం చేస్తున్నాడు. పసుపురంగు మూత ఉన్న మూడు అరల డబ్బా. పైన వంటింటి గూట్లో అలాంటివే రెండు ఆమె చూసింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"ఇది పైనింటి డబ్బా కదూ?"

"అవునండీ. బాబాయ్ రోజూ పంపిస్తారు. ఆయనకి ఎక్కువైపోతోందట. పారేస్తే కూతురు బాధపడుతుందని నాకిస్తారు. ఆమెకి మాత్రం చెప్పొద్దన్నారు" అని నాలిక్కరుచుకుని, "మీరు చెప్పరుగా?" అన్నాడు.

సమతులాహారం ఎవరి ఒంట్లోకి పోతోందో అప్పుడర్థమైంది నిన్నమ్మకి. అర్థం కానిది మిగతాది. కూతురు ప్రేమగా వండిన అన్నం ఆయన ఎందుకు తినడం లేదు? పాలు మాడుతుంటే అంత దగ్గర కూర్చుని ఎందుకు గమనించలేదు? ఆఫీసులో ఈ మాట ఎత్తితే మేడమ్ కళ్ళజోడు మీంచి చూసింది. "అబద్ధం చెబుతున్నాడని నమ్మకముంటే ఆ ఇంటిని కొట్టేసి వేరే ఇల్లు తీసుకో. నీకు ఇంకా డెబ్భై ఇళ్ళున్నాయి." నిన్నమ్మ సరేనంది కానీ కొట్టెయ్యలేదు. మూడోసారి వెళ్ళి తీరాలనిపించింది. సర్వే కోసం అని తనకి తాను చెప్పుకుంది కానీ, నిజానికి ఉండబట్టలేక.

ఎనిమిది రోజులు ఆగి, ఈసారి క్యాంటీన్‌కి సెలవు రోజు చూసుకుని వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు. కూతురిది ముప్పై అయిదేళ్ళ వయసు, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు, గలగలా మాట్లాడే మనిషి. బల్ల మీద డబ్బాలన్నీ వరుసగా పెట్టింది. నిన్నమ్మ ఒక్కోటీ తూచి పక్కన పెడుతోంది. నూనె సరిపోయింది. పంచదార సరిపోయింది. ఉప్పు దగ్గర కాటా చూసి, డబ్బా దించి, మళ్ళీ పెట్టింది. అయిదువందల అరవై.

పద్నాలుగు రోజుల్లో మూడువందల యాభై గ్రాములు. అంటే రోజుకి ఇరవై అయిదు. ఇద్దరు మనుషులకి రెండు చెంచాలు దాటకూడదంటుంది పుస్తకం. ఇక్కడ అయిదు చెంచాలు!

"ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారా?"

"లేదక్కా."

"కూరగాయలు ఉప్పునీళ్ళలో కడుగుతారా? ఏమైనా ఊరబెట్టారా? క్యాంటీన్‌కి ఇందులోంచి తీసుకెళ్తారా?"

"క్యాంటీన్‌ది అక్కడే ఉంటుంది. ఇంట్లో నేను వేసేది చిటికెడంత. నాన్నకి వయసైంది కదా అని ఇంకా తగ్గించే వేస్తున్నాను."

రంగుల బాబాయ్ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. అక్కడ చూడాల్సినంతది ఏమీ లేదు.

కూతురు నిన్నమ్మ చెయ్యి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించింది. "అక్కా, నువ్వు ఈ శాఖలో దానివి కదా, నీకు తెలుస్తుందేమో. మనిషికి ఉన్నట్టుండి నాలుక చెడిపోతుందా?"

నిన్నమ్మ ఉలిక్కిపడింది. "ఎవరికి?"

"నాకే. అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు. నాన్న పని నుంచి వచ్చేసరికి గరిటెడు తీసి నోట్లో పెట్టేదాన్ని. ఉప్పు తక్కువంటే వేసేదాన్ని, ఎక్కువంటే నీళ్ళు పోసేదాన్ని. నాకు వంట వచ్చింది ఆయన నాలుకతోనే. ఇప్పటికీ క్యాంటీన్‌లో రేపు వండబోయేది ఇవాళే కొంచెం చేసి ఆయనకి పెడతాను. ఈ మధ్య ఏది పెట్టినా 'ఉప్పు ఇంకాస్త పడాలమ్మా' అంటున్నారు. నాకేమో అప్పటికే ఉప్పు ఎక్కువైనట్టే ఉంటుంది. అయినా క్యాంటీన్ వంటలో వేస్తున్నాను. డిపోలో డ్రైవర్లు తిన్నంతసేపూ నీళ్ళు తాగుతున్నారు. ఒకాయన 'ఏమ్మా, సముద్రం పక్కన వండుతున్నావా' అన్నాడు. పోయిన నెల నుంచి సగం మంది రావడం మానేశారు." ఆమె కళ్ళు చెమర్చాయి. "ముప్పై అయిదేళ్ళకే నాలుక పోతే నేనేం బతుకుతానక్కా? ఏ డాక్టర్ని కలవాలో చెప్పు. నాన్నకి మాత్రం తెలియనివ్వకు, బెంగపెట్టుకుంటారు."

నిన్నమ్మ ఆమె భుజం తట్టింది. ఇంతలో కూతురు కళ్ళు తుడుచుకుని, "ఉండు, టీ పెడతాను" అని పొయ్యి వైపు తిరిగింది. నిన్నమ్మ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నూనె డబ్బా, పంచదార డబ్బా, ఉప్పు డబ్బా ఆమె తూచిన వరుసలోనే ఉన్నాయి. పంచదారదీ ఉప్పుదీ ఒకే రకం స్టీలు డబ్బాలు. గూట్లో వాటి చోట్లు వేరు కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. కూతురు వచ్చి, ధ్యాస ఎక్కడో పెట్టుకుని, చేతికందిన డబ్బా మూత తీసి మూడు కప్పుల్లో తలో చెంచా వేసి కలిపింది. రెండు వీళ్ళకిచ్చింది. ఫోను మోగితే తన కప్పు అక్కడే పెట్టి పక్కగదిలోకి వెళ్ళింది.

నిన్నమ్మ ఒక్క గుక్క తాగి కప్పులోకే ఉమ్మేసింది. టీ కాదది, ఉప్పు కషాయం. నోరు తుడుచుకుంటూ తలెత్తేసరికి రంగుల బాబాయ్ నింపాదిగా తాగుతున్నాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. మొహంలో చిన్న వెలుగు కూడా ఉంది.

"చాన్నాళ్ళకి టీలో ఏదో ఉన్నట్టుంది" అన్నాడు తృప్తిగా.

ఆ మాటతో నిన్నమ్మకి పదిహేను రోజుల ముడి విడిపోయింది. ఆమె మొహం చూసి ఆయన కప్పు దించాడు.

"ఏముంది తల్లీ ఇందులో?"

"ఉప్పు, బాబాయిగారూ."

పక్కగదిలో కూతురు ఎవరితోనో రేపటి కూరగాయల గురించి మాట్లాడుతోంది.

"ఎన్నాళ్ళైంది?" అని మెల్లగా అడిగింది నిన్నమ్మ.

"ఎనిమిది నెలలు. ఒకసారి జ్వరమొచ్చి తగ్గింది, అప్పుడే రెండూ పోయాయి, రుచీ వాసనా. ఏం తిన్నా తడిపిన అట్టముక్క నమిలినట్టుంటుంది. ఉప్పు బాగా దట్టిస్తే నాలుక చివర కాస్త చురుక్కుమంటుంది. ఆ చురుకు కోసం..." ఆయన తలవంచుకున్నాడు. "చిన్న పిల్లప్పట్నుంచి అమ్మాయి గరిటె పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. ఏం చెప్పమంటావు? నీ వంట నాకు మట్టితో సమానమని చెప్పనా?"

"అందుకని ఉప్పు వెయ్యమన్నారా?"

"రోజూ బాగుంది బాగుంది అంటే అనుమానమొస్తుందని... ఏదో ఒక వంక పెట్టాలి కదా."

"ఆవిడ తన నాలుకే చెడిపోయిందనుకుంటోంది. డాక్టరు కోసం నన్నడిగింది. క్యాంటీన్‌కి సగం మంది రావడం లేదట."

రంగుల బాబాయ్ ఒక్కసారిగా మొహం ఎత్తాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు. రంగు వెలిసిన గోడలా అయిపోయింది ఆయన మొహం. ఆయన నోరు తెరిచేలోపే కూతురు వచ్చి తన కప్పు ఎత్తి గటుక్కున తాగింది.

"ఛీ ఛీ, ఉప్పు! అయ్యో, డబ్బా మారిపోయింది. అక్కా, నువ్వు తాగావా? నాన్నా, నువ్వు..." అంటూ తండ్రి కప్పులోకి వంగి చూసింది. అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి. ఆమె ఆ కప్పునీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"నీ నాలుక బంగారంలా ఉందమ్మా. పోయింది నాది, ఎనిమిది నెలలైంది" అన్నాడు రంగుల బాబాయ్.

ఏడుస్తుందేమో అనుకుంది నిన్నమ్మ. కూతురు ఏడవలేదు, కుర్చీ లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చుంది. "ఎనిమిది నెలలా? అయితే మొన్న నేను పాలకూర సూప్ చేస్తే అమోఘం అన్నావే?"

"అమోఘంగానే ఉండి ఉంటుందని అన్నాను."

"చేపల కూర అమ్మ చేసినట్టే ఉందన్నావు!"

"అది... రంగు చూసి చెప్పాను."

"రంగు చూసి!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. కోపమో నవ్వో తేలని గొంతుతో, "నాకే రోగమొచ్చిందనుకుని నెల రోజుల్నుంచి అద్దంలో నాలుక చాపుకుని చూసుకుంటున్నాను నాన్నా!" అంది. ఆ మాటకి ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చేసింది కూడా. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

కళ్ళు తుడుచుకోగానే ఆమెకి వంటమనిషి బుద్ధి తిరిగొచ్చింది. "సరే, ఏమీ తెలియడం లేదంటున్నావు కదా, అసలు ఏమైనా తెలుస్తుందా? చూద్దాం" అని లేచింది. నిన్నమ్మ సంచీలోంచి కొలత చెంచాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో పంచదార నీళ్ళు, ఒకదాంట్లో మిరియాల పొడి, ఒకదాంట్లో పుదీనా నూరి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిమ్మరసానికి తల అడ్డంగా ఊపాడు. పంచదారకీ అంతే. మిరియాలకి "ఆఁ, ఇది మండుతోంది!" అన్నాడు ఆశ్చర్యంగా. పుదీనాకి "రుచి లేదు కానీ చల్లగా గాలి తోలినట్టుంది" అన్నాడు. పచ్చి క్యారట్ ముక్క కొరికి కాసేపు నమిలి, "చప్పుడు బాగుంది" అన్నాడు. వేడి తెలుస్తోంది, చల్లన తెలుస్తోంది, కరకర తెలుస్తోంది, మెత్తన తెలుస్తోంది. కూతురు ఒక్కోటీ నిన్నమ్మ ఫారం వెనక రాసింది. శాఖవారి కాగితం వెనక ఏమీ రాయకూడదు. నిన్నమ్మ వద్దనలేదు.

"ఇప్పుడు నిజం చెప్పండి బాబాయిగారూ. నిన్న ఏం తిన్నారు?"

"పాలల్లో ముంచిన రొట్టె ముక్కలు రెండు. దానిమీద ఉప్పు. సగం గుడ్డు, దానిమీద ఉప్పు. మిగతాది..." అని కూతురి వైపు భయంగా చూశాడు. "మిగతాది కింద మెకానిక్ తిన్నాడు."

"అదా సంగతి! వాడి పొట్టకి నేనా కారణం!" అంది కూతురు.

పలక మీద నిలబడితే ఆయన బరువు యాభై అయిదున్నర. రెండు వారాల్లో కిలోన్నర తగ్గాడు. మర్నాడే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. నిన్నమ్మ వెళ్ళాల్సిన అవసరం లేదు, అయినా వెళ్ళింది. రక్తపోటు చూసి డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. ముందు ఉప్పు మాన్పించి, మందులు రాసింది. రుచీ వాసనల సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. "జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుంది. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఎప్పుడని నేను చెప్పలేను. రోజుకి రెండుసార్లు నాలుగైదు ఘాటైన వాసనలు పీలుస్తూ, ఇది ఫలానాది అని గుర్తు చేసుకుంటూ ఉండండి. లవంగం, నిమ్మతొక్క, అలాంటివి. ముక్కుకి మళ్ళీ అక్షరాలు దిద్దించడం అన్నమాట."

"అక్షరాలు దిద్దడం నాకు అలవాటే" అన్నాడు రంగుల బాబాయ్.

నిన్నమ్మ ఫారం నింపి మేడమ్ ముందు పెట్టింది. మొదటి రెండుసార్ల జవాబులు కొట్టేసి, కారణం అంచున రాసింది. మేడమ్ చదివి, ఫారం తిప్పి వెనకాల రాసినవి కూడా చదివింది. మిరియాలు మంట, పుదీనా చల్లన, క్యారట్ చప్పుడు. తిడుతుందనుకుంటే, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నాం. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్నిసార్లు తిన్నారు. తిన్నది తెలుస్తోందా అని ఒక్కచోటైనా ఉందా?"

"లేదు మేడమ్."

"మిగిలిన ఇళ్ళలో అడిగి చూడు. ఊరికే, ఫారంలో కాదు."

నిన్నమ్మ అడిగింది. యాభై ముగ్గురు పెద్దవాళ్ళని అడిగితే తొమ్మిదిమంది తమకీ రుచి సరిగ్గా తెలియడం లేదన్నారు. అందులో ఒక ముసలావిడ గుమ్మంలోనే కూలబడి, "నాకొక్కదానికే అనుకున్నానే తల్లీ" అంది. ఆ తొమ్మిదిమంది కాగితాలూ మేడమ్ పై ఆఫీసుకి పంపింది. వాళ్ళు ఏం చేశారో నిన్నమ్మకి ఇంకా తెలియదు.

క్యాంటీన్ సంగతి మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ వైపు సర్వే ఉన్నప్పుడల్లా ఆమె అక్కడే భోంచేస్తోంది. కూతురికి మొదటి వారం నరకమే అయింది. గరిటె నోట్లో పెట్టుకుని, చాలా చాలదా అని తేల్చుకోలేక, రెండుసార్లు ఇంటికి ఫోను చేసింది. "నన్నడక్కు. నీకేమనిపిస్తే అదే" అని ఆయన పెట్టేశాడు. మూడో వారానికి ఆమె గరిటె నాలుకకి తగిలించి, ఒక్క క్షణం పైకి చూసి, మూత పెట్టేయడం నిన్నమ్మ కళ్ళారా చూసింది. రానివాళ్ళలో చాలామంది మళ్ళీ వస్తున్నారు. ఇంట్లో తండ్రికి వేరే పద్ధతి. ఆయన కంచంలో కరకరలాడేది ఒకటి, మెత్తనిది ఒకటి, వేడిది, చల్లనిది, మిరియాల ఘాటుతో ఒకటి. రంగులు మాత్రం ఆయనే ఎంచుకుంటాడు. మెకానిక్ ఇప్పుడు తన డబ్బా తనే తెచ్చుకుంటున్నాడు. మొదట్లో నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

అయిదు నెలల తర్వాత ఒక సాయంత్రం నిన్నమ్మ పనేమీ లేకుండానే మూడంతస్తులూ ఎక్కింది. రంగుల బాబాయ్ బల్ల దగ్గర నాలుగు చిన్న సీసాలు, ఒక నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. బరువు యాభై ఎనిమిదికి వచ్చిందని ముందు ఆ మాట చెప్పి, తర్వాత గుట్టుగా ముందుకి వంగాడు.

"ఒక వింత జరిగింది తల్లీ. మొన్న సోమవారం లవంగం సీసాలో వాసనొచ్చింది. అయితే లవంగం వాసన కాదు. తడిసిన తాడు వాసన!"

"తాడా?"

"వానలో తడిసిన తాడు. ఖచ్చితంగా అదే. నిన్నేమో నిమ్మతొక్క వార్నిషు వాసనేసింది. డాక్టరమ్మకి ఫోను చేస్తే ఆవిడ ఎగిరి గంతేసింది. మంచి గుర్తేనట. ముక్కులో నరాల తీగలు మళ్ళీ అతుక్కునేటప్పుడు అటూ ఇటూ కలుస్తాయట. ఇది చూడు, అన్నీ రాస్తున్నాను."

నోటుబుక్కులో తేదీలు, వాటి కింద ఆ ముత్యాల్లాంటి అక్షరాలు. లవంగం: తాడు. నిమ్మ: వార్నిషు. దాల్చినచెక్క: ఏమీ లేదు. దాల్చినచెక్క: ఏమీ లేదు. దాల్చినచెక్క: ఏదో ఉంది.

"రుచి సంగతి?"

"అది ఇంకా అట్టముక్కే. సరే కానీ, ఇవాళ నాలుగోది మొదటిసారి తెరుస్తున్నాను. కాఫీ గింజలు. నువ్వు కూడా కూర్చో. నాకేం వాసనొస్తుందో నేను కాగితం మీద రాస్తాను, నీకొచ్చింది నువ్వు రాయి. తర్వాత రెండూ చూద్దాం."

నిన్నమ్మ సంచీ దించి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆయన సీసా మూత తిప్పుతున్నాడు. వంటగదిలోంచి కూతురు తడి చేతులతోనే వచ్చి తండ్రి కుర్చీ వెనక నిలబడింది.